వణుకు జబ్బుకు తొలి ఫైలు తెరిచిన వైద్యుడు – జేమ్స్ పార్కిన్సన్



పెద్దల ఆరోగ్యం గురించి వెలువడుతున్న ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవిత చరిత్ర వ్రాయమని సంపాదకవర్గం వారు నన్ను కోరారు. నేను వైద్యుణ్ణి కాను. ముప్పై అయిదేళ్ళు ప్రభుత్వ కార్యాలయంలో కాగితాలతో కాపురం చేసిన గుమాస్తాను. డెబ్బై దాటిన ఈ వయసులో చదువుకోవడానికి కావలసినంత తీరిక ఉంది. ఆ తీరికలో తెలుసుకున్న ఒక మంచి మనిషి కథను మీతో పంచుకుంటున్నాను.

పార్కిన్సన్ అనే మాట మన వయసు వారి ఇళ్ళలో తరచుగా వినబడుతోంది. అది ఒక జబ్బు పేరని అందరికీ తెలుసు. అది ఒక మనిషి ఇంటిపేరని తెలిసినవారు తక్కువ. ఆ మనిషి ఇంగ్లండు దేశస్థుడు. కాలం చేసి రెండు వందల ఏళ్ళయింది. ఆయన ఆ జబ్బుకు మందు కనిపెట్టలేదు, కారణమూ కనిపెట్టలేదు. వీధిలో నడిచిపోయే మనుషులను శ్రద్ధగా చూసి, చూసినదానిని చూసినట్టు కాగితం మీద పెట్టారు. ఆ కాగితమే తరువాతి పరిశోధన అంతటికీ మూలమైంది.

బాల్యము, విద్య

జేమ్స్ పార్కిన్సన్ 1755 ఏప్రిల్ 11న లండన్ నగరం అంచున ఉన్న షోర్‌డిచ్ ప్రాంతంలో, హాక్స్‌టన్ స్క్వేర్‌లో జన్మించారు. తండ్రి జాన్ పార్కిన్సన్ కూడా వైద్యుడే. మందులు స్వయంగా కలిపి ఇచ్చి, అవసరమైతే కత్తి కూడా పట్టే పాతకాలపు వైద్యుడు. కొడుకు తండ్రి దగ్గరే పని నేర్చుకొని, 1776లో లండన్ హాస్పిటల్‌లో కొంతకాలం శిక్షణ పొందారు. 1784లో శస్త్రవైద్యునిగా యోగ్యతాపత్రం అందుకున్నారు. తండ్రి, తాను, తన కుమారుడు జాన్, ఇలా మూడు తరాలు ఆ పేటలోనే వైద్యం చేశారు. పుట్టిన పేట వదలి గొప్ప వీధులకు పోయి సంపాదించుకోవాలన్న ఆశ ఆయనకు ఉన్నట్టు కనిపించదు.

నీట మునిగి, ఊపిరి ఆగి చనిపోయారనుకున్న వారిని బ్రతికించే పద్ధతులను ప్రచారం చేయడానికి ఆ రోజుల్లో లండన్‌లో హ్యూమేన్ సొసైటీ అనే సంస్థ ఉండేది. 1777లో హాక్స్‌టన్‌లో ఉరి వేసుకున్న ఒక మనిషిని బ్రతికించినందుకు ఆ సంస్థ యువకుడైన పార్కిన్సన్‌కు వెండి పతకం ఇచ్చింది. అప్పటికి ఆయన వయసు 22 ఏళ్ళు.

మన గుమాస్తాలకు ఇష్టమైన సంగతి ఒకటి చెప్పాలి. పార్కిన్సన్ గారికి షార్ట్‌హ్యాండు వచ్చు. 1785లో జాన్ హంటర్ అనే సుప్రసిద్ధ శస్త్రవైద్యుని ఉపన్యాసాలకు వెళ్ళి, విన్నదంతా షార్ట్‌హ్యాండులో వ్రాసుకున్నారు. ఆయన మరణించాక కుమారుడు ఆ నోట్సు నుంచి 1833లో ఒక గ్రంథమే ప్రచురించారు. విన్నది విన్నట్టు, చూసింది చూసినట్టు వ్రాసుకోవడం ఆయనకు చిన్ననాటి నుంచి అలవాటన్న మాట.

రాజు గారి ప్రభుత్వం ఎదుట

పార్కిన్సన్ గారి యౌవనం సంక్షోభ కాలం. 1789లో ఫ్రాన్సులో విప్లవం వచ్చింది. ఇంగ్లండులో సామాన్యునికి ఓటు లేదు. తిండిగింజల ధర చుక్కలనంటుతుంటే పన్నులు పేదవాని నెత్తినే పడేవి. పార్లమెంటును సంస్కరించాలని, పేదలకు ఓటు కావాలని కోరే లండన్ కరస్పాండింగ్ సొసైటీలో ఆయన సభ్యులయ్యారు. ముసలి హ్యూబర్ట్ అనే మారుపేరుతో చిన్న చిన్న కరపత్రాలు వ్రాశారు. రక్తపాతం లేని విప్లవాల గురించి 1794లో వెలువడిన పుస్తకంలో, కూలి పెంచమని పనివారు ఒకటైతే జైలు, యజమానులు ఒకటైతే తప్పు లేకపోవడం ఏమి న్యాయమని నిలదీశారు. సంఘం పెట్టుకొని హక్కులు సాధించుకున్న మనకు ఈ సంగతి వేరే వివరించి చెప్పనక్కరలేదు.

ఆ ఏడే పెద్ద ముప్పు వచ్చింది. నాటకశాలలో మూడవ జార్జి రాజు మీద విషపు ములుకు వదలి చంపడానికి కుట్ర పన్నారని ఆ సొసైటీ సభ్యులు కొందరిని నిర్బంధించారు. విచారణ లేకుండానే మనుషులను జైల్లో ఉంచే రోజులవి. రాజద్రోహానికి శిక్ష మరణం. పార్కిన్సన్‌ను ప్రివీ కౌన్సిల్ ఎదుటకు పిలిపించారు. ప్రధానమంత్రి పిట్ స్వయంగా అక్కడ ఉన్నారు. తన మాటలను తన మీదకే తిప్పబోమని తేలేవరకు ఆయన ప్రమాణం చేసి చెప్పడానికి ఒప్పుకోలేదు. తరువాత సొసైటీతో తన సంబంధం దాచకుండా ఒప్పుకొని, నిందితుల తరఫున నిలబడ్డారు. 1796లో జరిగిన విచారణలో ఆ కేసు వీగిపోయింది. పెళ్ళాం బిడ్డలు గల ఒక పేట వైద్యుడు అంతటి ధైర్యం చేయడం మామూలు విషయం కాదు.

పేదల వైద్యుడు, రాళ్ళ శాస్త్రజ్ఞుడు

ఆ తరువాత ఆయన కలం వైద్యం వైపు మళ్ళింది. ఇంట్లో ఏ జబ్బును మనమే చూసుకోవచ్చు, ఏ జబ్బుకు వెంటనే వైద్యుని పిలవాలి అని సామాన్యులకు తెలియజెప్పే పుస్తకం 1799లో వ్రాశారు. 1800లో పల్లెవారి కోసం ప్రత్యేకంగా మరొకటి వ్రాశారు. గౌట్ అనే కీళ్ళ జబ్బుతో తండ్రీ తానూ బాధపడినవారే కనుక 1805లో దాని మీద ఒక గ్రంథం రచించారు. 1812లో కుమారునితో కలిసి చూసిన ఒక చిన్న పిల్లవాని కేసులో, చీము పట్టి చిల్లుపడిన అపెండిక్స్ చావుకు కారణమని చెప్పారు. ఇంగ్లీషులో అటువంటి వర్ణనకు అదే మొదటిదని చెబుతారు. ఆ పేటలోని పేదల వసతిగృహంలో రోగులను చూసే బాధ్యత కూడా ఆయనదే.

ఇంత పనిలోనూ ఆయనకు ఒక వ్యసనం ఉండేది. అది రాళ్ళ వ్యసనం. లక్షల ఏళ్ళ నాటి జంతువులు, మొక్కలు రాళ్ళుగా మారిన శిలాజాలను ఏరి తెచ్చి ఇంటినిండా పెట్టుకొనేవారు. గతించిన లోకపు ఆ ఆనవాళ్ళ గురించి 1804, 1808, 1811 సంవత్సరాలలో మూడు పెద్ద సంపుటాలు బొమ్మలతో సహా వెలువరించారు. 1807 నవంబరు 13న లండన్‌లో జియలాజికల్ సొసైటీని స్థాపించిన పదముగ్గురిలో ఆయన ఒకరు. ఒక జాతి శిలాజానికి పార్కిన్సోనియా అని ఆయన పేరే పెట్టారు. 1823లో రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ వారు తమ తొలి గౌరవ స్వర్ణ పతకాన్ని ఆయనకే ఇచ్చారు. బ్రతికి ఉండగా ఆయనకు వచ్చిన పేరంతా ఈ రాళ్ళ వల్లనే. మనం ఈనాడు తలచుకొనే పుస్తకానికి ఏ పతకమూ రాలేదు.

అరవై రెండేళ్ళ వయసులో

ఆ పుస్తకం 1817లో వెలువడింది. 66 పేజీల చిన్న పుస్తకం. వణుకుతో కూడిన పక్షవాతం మీద ఒక వ్యాసం అని దాని పేరుకు అర్థం. అప్పటికి పార్కిన్సన్ గారికి 62 ఏళ్ళు. మనలో చాలామంది పదవీ విరమణ చేసి, పెన్షను కాగితాలు సర్దుకొని, ఇక చేసేదేముందిలే అనుకొనే వయసు.

వణికే జబ్బు ఆయనతోనే లోకంలో పుట్టలేదు. మన ఆయుర్వేదంలో కంపవాతం అనే పేరు ఎప్పటినుంచో ఉంది. పాశ్చాత్య వైద్యులూ వణుకును పూర్వమే ఎరుగుదురు. అయితే వణుకు వేరు, నడక వేరు, వంగిపోవడం వేరు అన్నట్టుగా విడివిడిగా చూసేవారు. ఇవన్నీ ఒకే జబ్బుకు చెందిన లక్షణాలని, ఒకదాని వెంట ఒకటి ఏళ్ళ తరబడి మెల్లగా వస్తాయని స్పష్టంగా కూర్చి చెప్పిన ఘనత పార్కిన్సన్‌ది.

ఆయన ఆధారం ఎంతమంది రోగులనుకున్నారు? ఆరుగురు. మొదటివాడు ఏ దురలవాటూ లేని తోటమాలి. రెండవవాడు వీధిలో తారసపడిన మనిషి. 62 ఏళ్ళవాడు, జీవితంలో అధిక భాగం ఒక మేజిస్ట్రేటు కచేరీలో అటెండరుగా పనిచేసినవాడు. అంటే మన వర్గం మనిషే. మూడవవాడూ వీధిలో కనబడినవాడే. బలిష్ఠమైన శరీరం గల పూర్వపు నావికుడు. స్పెయిన్ జైలులో తడి నేల మీద నెలల తరబడి పడుకోవడం వల్లే తనకు ఈ జబ్బు వచ్చిందని నమ్మినవాడు. నాల్గవవాడు యాభై అయిదేళ్ళ పెద్దమనిషి. వేరే బాధకు వైద్యానికి వచ్చి, మళ్ళీ కనబడలేదు. అయిదవవానిని ఆయన దూరం నుంచి మాత్రమే చూశారు. ఆ మనిషి నడవలేడు, పరుగెత్తగలడు. సేవకుడు ఎదురుగా నిలబడి భుజాలు పట్టుకొని, ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపి నిలదొక్కుకోనిచ్చి వదిలేవాడు. ఆ పైన రోగి ముందుకు పరుగు, పడిపోకుండా పట్టుకోవడానికి సేవకుడు కూడా పక్కకు తప్పుకొని ముందుకు పరుగు. ఆరవవాడు 72 ఏళ్ళ వృద్ధుడు. జబ్బు ఎడమ చేతితో మొదలై పదకొండు పన్నెండేళ్ళయింది. మధ్యలో ఒకసారి కుడివైపు పక్షవాతం వచ్చినప్పుడు ఆ వైపు వణుకు ఆగిపోయింది. సుమారు రెండు వారాలకు కాళ్ళూ చేతులూ స్వాధీనంలోకి రాగా, వాటితో పాటు వణుకూ తిరిగి వచ్చింది.

ఈ ఆరుగురి నుంచి ఆయన గ్రహించిన విషయాలు చూడండి. జబ్బు ఎప్పుడు మొదలైందో రోగికే తెలియనంత నెమ్మదిగా వస్తుంది. ముందు ఒక చెయ్యి, సాధారణంగా ఒక వైపే. పనిలో ఉన్నప్పుడు కాక, చెయ్యి ఊరకే ఉన్నప్పుడు వణుకుతుంది. పోను పోను వ్రాత కష్టమవుతుంది, అన్నం ముద్ద నోటి దాకా చేరడం కష్టమవుతుంది. ఒళ్ళు ముందుకు వంగుతుంది, అడుగులు చిన్నవై నడక పరుగులోకి జారుతుంది. మాట అర్థం కాదు, చొంగ కారుతుంది, నిద్ర చెడుతుంది, మలబద్ధకం బాధిస్తుంది. నేటి వైద్యుడు కూడా ఈ వర్ణనలో ఎక్కువ భాగాన్ని కాదనడు.

పొరబడినవీ ఉన్నాయి. కండరాలు బిగుసుకుపోవడాన్ని ఆయన గుర్తించలేదు. వీధిలో చూసిన మనిషి చెయ్యి పట్టుకొని మడిచి చూడడం కుదరదు కదా. బుద్ధికి ఏ లోపమూ రాదన్నారు. కొందరికి జ్ఞాపకశక్తి, ఆలోచన కూడా దెబ్బతింటాయని తరువాత తేలింది. జబ్బు మూలం మెడ దగ్గర వెన్నుపాములో ఉండవచ్చని ఊహించి, మెడ వద్ద రక్తం తీయించడం వంటి ఆనాటి చికిత్సలు సూచించారు. కాని అది ఊహేనని, మరణానంతరం శరీరాన్ని కోసి పరీక్షించే అవకాశం తనకు రాలేదని దాచకుండా వ్రాశారు. శరీర నిర్మాణం తెలిసినవారు ఈ పనిని ముందుకు తీసుకుపోవాలని కోరారు. మన భాషలో చెప్పాలంటే, తెలిసినంత వరకు నోటు వ్రాసి, తెలియనిచోట తెలియదని రిమార్కు పెట్టి, పై సెక్షనుకు పంపారు. ఆ నిజాయితీ వల్లనే ఆ ఫైలు చెల్లింది.

కాలం చేసిన తరువాత

1824 డిసెంబరులో పార్కిన్సన్ గారికి మెదడులో రక్తనాళం దెబ్బతిని పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. డిసెంబరు 21న కన్నుమూశారు. తనకు బాప్తిస్మం జరిగిన షోర్‌డిచ్ సెయింట్ లెనార్డ్ చర్చి ఆవరణలోనే ఆయనను సమాధి చేశారు. ఫోటోగ్రఫీ ఇంకా రాని రోజులు. చిత్రపటం కూడా ఏదీ మిగలలేదు. పుస్తకాలలో ఆయనదంటూ అక్కడక్కడ కనిపించే ఛాయాచిత్రాలు అదే పేరు గల ఇతరులవి.

ఆయన వ్యాసం నలభై ఏళ్ళకు పైగా దాదాపు మరుగున పడి ఉంది. పారిస్‌లో సాల్పెట్రియేర్ ఆసుపత్రి వైద్యుడు జాన్ మార్టిన్ షార్కో దానికి మళ్ళీ వెలుగు తెచ్చారు. 1860ల నుంచి ఆయన ఈ రోగులను పరిశీలించి, కండరాల బిగింపును గుర్తించారు. నిజానికి ఇది పక్షవాతం కాదు, అందరికీ వణుకూ ఉండదు, కనుక పాత పేరు సరి కాదన్నారు. పార్కిన్సన్ పేరే పెట్టాలని నిర్ణయించారు. స్వదేశం మరచిన మనిషిని పొరుగు దేశపు వైద్యుడు నిలబెట్టాడు.

తరువాతి సెక్షన్ల వారు ఏమి తేల్చారో క్లుప్తంగా చెబుతాను. 1912లో ఫ్రెడరిక్ లెవీ అనే జర్మనీ వైద్యుడు ఈ రోగుల మెదడు కణాలలో చిన్న చిన్న ఉండలను కనుగొన్నారు. 1919లో ట్రెటియాకాఫ్ అనే రష్యన్ వైద్యుడు పారిస్‌లో సమర్పించిన పరిశోధనలో, మెదడు అడుగున సబ్‌స్టాన్షియా నైగ్రా అనే నల్లని భాగం ఈ జబ్బులో పాడవుతుందని చూపారు. 1957లో స్వీడన్‌కు చెందిన కార్ల్‌సన్ డోపమైన్ అనే రసాయనం కదలికలకు అవసరమని గ్రహించారు. దీనికే 2000లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. 1960లో వియన్నాలో హార్నికీవిచ్ తదితరులు మరణించిన రోగుల మెదడులో ఆ డోపమైన్ బాగా తరిగిపోయిందని నిరూపించారు. మరుసటి ఏడే లెవోడోపా అనే పదార్థాన్ని రోగులకు ఇచ్చి చూడగా, మంచం దిగలేనివారు కొందరు లేచి నడిచారు. 1967లో అమెరికాలో కాట్జియాస్ దానిని నోటి ద్వారా కొద్ది కొద్దిగా పెంచుతూ ఇచ్చే పద్ధతి స్థిరపరిచారు. నేటికీ ప్రధానమైన మందు అదే.

ఈ లెవోడోపాకు మన నేలతో కూడా సంబంధం ఉంది. మన కంచెల మీద ప్రాకే దురదగొండి తీగ మీకు తెలుసు కదా. దాని గింజలలో లెవోడోపా ఉందని 1937లో మద్రాసు విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు వేరుచేసి చూపారు. అలాగని ఎవరూ ఆ గింజలు దంచుకొని తినవద్దు. ఎంత మోతాదు పడుతుందో తెలియదు. మాత్రలు వాడేవారికి అది మరీ ప్రమాదం.

1987లో ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో బెనాబిద్ అనే వైద్యుడు మెదడులోకి సన్నని తీగలు పంపి విద్యుత్తుతో వణుకును అదుపు చేసే శస్త్రచికిత్సకు దారి చూపారు. ఇప్పుడు మన హైదరాబాదు నిమ్స్‌లోనూ ఆ శస్త్రచికిత్స చేస్తున్నారు. అది అందరికీ పనికిరాదు. తగినవారిని వైద్యులు ఎంపిక చేస్తారు.

కారణాల విషయం ఇంకా పూర్తిగా తేలలేదు. లెవీ చూసిన ఉండలు ఆల్ఫా సైన్యూక్లిన్ అనే మాంసకృత్తు పేరుకొని ఏర్పడినవని 1997లో తెలిసింది. అదే ఏడు, కొన్ని కుటుంబాలలో ఆ మాంసకృత్తు తాలూకు జన్యువులో లోపం ఉందని కూడా కనుగొన్నారు. అయితే ఎక్కువ మందికి ఇది వంశపారంపర్యం కాదు. పారాక్వాట్ వంటి పురుగు, కలుపు మందుల దగ్గర పనిచేసినవారిలో జబ్బు ఎక్కువగా కనిపిస్తున్నట్టు పరిశోధనలు చెబుతున్నాయి. పొలం ఉన్న కుటుంబాలవారు మందు కొట్టేటప్పుడు జాగ్రత్త పడాలి.

ముందుగా పసిగట్టడం

ఇక మనకు ముఖ్యమైన విషయం. బయటికి వణుకు కనబడే నాటికే ఆ నల్లని భాగంలోని కణాలు చాలా వరకు నశించి ఉంటాయి. అంతకు కొన్నేళ్ళ ముందే కొన్ని సూచనలు వస్తాయి. కాఫీ వాసన, పోపు వాసన తెలియకపోవడం. విడవని మలబద్ధకం. నిద్రలో కలకు తగ్గట్టు చేతులు విసరడం, కేకలు వేయడం. పార్కిన్సన్ గారు ముదిరిన జబ్బులో చూసిన మలబద్ధకమే, తొలి సూచనలలో ఒకటి కావచ్చునని ఈనాడు అంటున్నారు. వెన్ను నీటిలో ఆ మాంసకృత్తును పసిగట్టే పరీక్ష చాలావరకు సరైన ఫలితం ఇస్తున్నట్టు 2023లో ఒక పెద్ద పరిశోధన ప్రచురితమైంది. అయినా ఊరి ఆసుపత్రిలో నేటికీ వైద్యుడు చేసేది పార్కిన్సన్ చేసిన పనే. నడిపించి చూస్తారు, చెయ్యి చూస్తారు, వ్రాయించి చూస్తారు.

ఈ వ్రాత సంగతి మనవంటి వారికి బ్రతుకు తెరువుతో ముడిపడి ఉంది. మన సంఘంలోనే ఒక పెద్దాయన ఉన్నారు. పేరు చెప్పను. కచేరీలో ఆయన దస్తూరికి గొప్ప పేరు. రిటైరైన కొన్నేళ్ళకు ఆయన సంతకం చిన్నదవుతూ వచ్చింది. మొదటి అక్షరం సరిగా ఉండి, చివరికి వచ్చేసరికి చీమలబారులా ముడుచుకుపోయేది. పెన్షను తీసుకోవడానికి వెళితే బ్యాంకు కౌంటరులో సంతకం కలవలేదని రెండుసార్లు తిప్పి పంపారు. వరుసలో నిలబడిన పదిమంది ఎదుట దొంగ సంతకం అన్నట్టు చూశారని ఆయన కుమిలిపోయారు. ఇంట్లోవారు వయసు మీద పడిందన్నారు. చివరకు కనిపెట్టింది ఆయన కోడలు. మామగారు నడిచేటప్పుడు ఎడమ చెయ్యి ఊగుతోంది, కుడి చెయ్యి మాత్రం ఒంటికి అంటుకొని ఉంటోందని గమనించి, పట్టుబట్టి నరాల వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళింది. అది పార్కిన్సన్ జబ్బేనని తేలింది. మాత్రలు మొదలుపెట్టారు. ఇప్పుడు తన పనులు తాను చేసుకొంటూ మన నెలవారీ సమావేశాలకు వస్తున్నారు. వణుకు అనేది ఆయనకు దాదాపు లేనే లేదు. వణుకు కోసం ఎదురుచూసి ఉంటే ఇంకెన్నేళ్ళు గడిచేవో.

ఆ అనుభవం దృష్ట్యా సభ్యులకు నాలుగు మాటలు మనవి చేస్తాను.

మొదటిది, సంతకం క్రమంగా చిన్నదవడం, ఒక చెయ్యి ఊగకపోవడం, బొత్తాలు పెట్టుకోవడానికి ఆలస్యం కావడం, ముఖంలో నవ్వు తగ్గడం, గొంతు సన్నగిల్లడం వంటివి కనబడితే ముసలితనమని సరిపెట్టుకోకుండా నరాల వైద్యుని సంప్రదించాలి.

రెండవది, వణికిన ప్రతి చెయ్యీ పార్కిన్సన్ కాదు. గ్లాసు ఎత్తినప్పుడు వచ్చే వణుకు తరచు వేరే రకం. కళ్ళు తిరగడానికి, వాంతులకు నెలల తరబడి వాడే సిన్నరిజిన్, మెటోక్లోప్రమైడ్ వంటి మందుల వల్ల కూడా ఇటువంటి లక్షణాలే వస్తాయి. మందు ఆపితే చాలామందికి తగ్గుతాయి. కాబట్టి వాడుతున్న మాత్రలన్నీ మూట కట్టుకొని వైద్యునికి చూపండి.

మూడవది, లెవోడోపా మాత్ర వేళకు పడాలి. మన ఇష్టం వచ్చినట్టు ఒక్కసారిగా మానడం ప్రమాదం. పప్పు, పాలు, మాంసం వంటి మాంసకృత్తుల ఆహారంతో కలిపి వేసుకుంటే కొందరికి సరిగా పనిచేయదు. భోజనానికి ఎంత ముందు వేసుకోవాలో వైద్యుని అడగండి. నడక, వ్యాయామం మానవద్దు.

నాల్గవది, సంతకం చేయలేని వృద్ధ, రోగగ్రస్త ఖాతాదారుల నుంచి ఇద్దరు సాక్షుల సమక్షంలో వేలిముద్ర తీసుకొని డబ్బు ఇవ్వవచ్చునని రిజర్వు బ్యాంకు సూచనలు ఉన్నాయి. ఆ సాక్షులలో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి అయి ఉండాలి. ఈ సంగతి తెలిసి ఉంటే కౌంటరు ఎదుట చిన్నబోవలసిన అవసరం రాదు. చేతి వ్రాత మారినవారు ముందుగానే కొత్త మాదిరి సంతకం ఇచ్చి రావడం మంచిది.

పార్కిన్సన్ గారి పుట్టినరోజైన ఏప్రిల్ 11ను ప్రపంచ పార్కిన్సన్ దినంగా జరుపుకొంటున్నారు. ఈ జబ్బును పూర్తిగా నయం చేసే మందు నేటికీ రాలేదు, ముదరకుండా ఆపే మందూ నిర్ధారణ కాలేదు. కనుక ఆయన తెరిచిన ఫైలు ఇంకా మూయలేదు. శాస్త్రజ్ఞుల పని వారు చేస్తున్నారు. మన వంతు పని చిన్నది. ఇంట్లో ఉన్న పెద్దవారిని, ప్రక్కన నడిచే మిత్రుని, రెండు నిమిషాలు శ్రద్ధగా చూడడం. చూసింది వైద్యునికి ఉన్నదున్నట్టు చెప్పడం. ఆ పనికి వైద్య విద్య అక్కరలేదు. మేజిస్ట్రేటు కచేరీ అటెండరును వీధిలో ఆపి పలకరించిన ఆ పెద్దమనిషి మనకు నేర్పింది ఇదే.



– ఒక విశ్రాంత గుమాస్తా, సంఘ సభ్యుడు